డెల్ఫియా అందించిన ఐదో కర్ర

"ఏ కర్ర విరుగుతుందో నీకు ముందే తెలుసా, తెలీదా?"

బిటర్‌నట్ వాగు బాప్టిస్టు సంఘం శనివారం కూటంలో, డెల్ఫియా స్పర్‌లాక్‌ని అందరి ముందూ నిలబెట్టి పాస్టర్ హైరమ్ అడిగిన మాట ఇది. ఆమె గడ్డం కింద టోపీ ముడి విప్పి, మళ్ళీ వేసుకుంది.

"ఏది విరగదో తెలుసు, బ్రదర్," అంది.

అది ఒప్పుకోలో బుకాయింపో పెద్దలకి అంతుబట్టలేదు. బెంచీల మీద కాసేపు గొంతులు సవరించుకున్నారు. ఇంతలో ఎవరో పాట ఎత్తుకున్నారు, మిగతావాళ్ళు బతికిపోయామన్నట్టు గొంతు కలిపారు. మా సంఘంలో తెగని తగువులన్నీ పాటలోనే మునిగిపోతాయి. డెల్ఫియా కూడా పాడింది. ఆమెది మంచి గొంతు.

ఆమె గురించి పట్నం పత్రికలవాళ్ళు ఏం రాస్తారో ఊహించక్కర్లేదు, ఆల్రెడీ రాశారు. కొండల్లో ఒక స్త్రీ, ముడతలు పడ్డ చేతులు, అంతరించిపోతున్న కళ, ఒక్కో కర్రలోనూ పోసిన ప్రేమ. ఆ ముక్క ఎవరో చదివి వినిపిస్తే డెల్ఫియా పొయ్యిలోకి ఉమ్మింది. "ప్రేమా? హికరీ చెక్కని ప్రేమగా చూస్తే అది నిన్ను చూసి నవ్వుతుంది," అంది. చేతిపని చేసేవాళ్ళ మనసు తళతళలాడుతూ ఉంటుందన్న మాట ఎవరు పుట్టించారో గాని, వాళ్ళు అలాంటి ఇంట్లో ఒక్క చలికాలం కూడా గడిపి ఉండరు.

ఆమె చేసేది తుపాకి దట్టించే కర్రలు. మిగతా కెంటకీ అంతా తూటా తుపాకులకి మారిపోయినా, మా కొండల్లో ఎద్దు పందేనికి, అంటే గురి చూసి కాల్చి ఎద్దు మాంసం గెలుచుకునే పందేనికి, మాత్రం తాతలనాటి పొడుగు తుపాకే పనికొస్తుంది. గొట్టం మూతిలో మందు పోసి, కొవ్వు రాసిన గుడ్డ పేలికలో సీసపు గుండు పెట్టి, నాలుగడుగుల కర్రతో అడుగంటా దట్టించాలి. ఆ కర్ర దేనితో చెయ్యాలన్న దాని మీద మా వాగులో దేవుడి మీద కన్నా ఎక్కువ తగువులయ్యాయి. ఇనప కడ్డీ విరగదు, నిజమే. కాని వెళ్ళొచ్చినప్పుడల్లా గొట్టం మూతిని లోపల్నించి అరగదీస్తుంది, కొన్నాళ్ళకి గురి పెట్టింది ఒకటీ తగిలేది ఒకటీ అవుతుంది. ఇత్తడి మెత్తన, గొట్టాన్నేమీ చెయ్యదు. కాని దాని ఖరీదుకి ఆవుని తోలుకెళ్ళాలి, పైగా ఒకసారి వంగితే వంగినట్టే ఉంటుంది. ఓక్ చెక్క పెళుసు. చివరికి అందరూ వచ్చి ఆగేది మా కొండల్లో పెరిగే హికరీ చెట్టు దగ్గరే.

అందులోనూ చీల్చిన హికరీ. కోసిన హికరీ కాదు. ఈ తేడా మీదే ఒక ఇంట్లో రెండు చేతులు పోయాయి కనక చెప్పక తప్పదు. చెట్టు గీత గీసినట్టు పెరగదు. దాని నార కాస్త మెలి తిరుగుతూ, వంపు తీసుకుంటూ పైకి పోతుంది. మొద్దు మీద ఇనప చీలికత్తి పెట్టి చెక్కసుత్తితో కొడితే, పేడు ఆ నార వెంటే చీలుతుంది. దాన్ని రెండు పిడుల కత్తితో గీసి, గాజుపెంకుతో గోకి, కిరసనాయిల్లో నానబెడితే, నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా నిలుస్తుంది. అలాంటి కర్ర విల్లులా వంగుతుంది గాని విరగదు. రంపానికి ఈ మర్యాదలు తెలీవు. అది తన దారిన తిన్నగా కోసుకుపోతుంది, నార ఎక్కడో మధ్యలో పక్కకి తెగి బయటికొచ్చేస్తుంది. పైకి చూస్తే మాత్రం కోసిన కర్రే సొగసు. గుండ్రంగా, నున్నగా, వంకనేది లేకుండా ఉంటుంది. విరిగినప్పుడు ఏటవాలుగా, చెక్కిన మేకులా విరుగుతుంది. అప్పటికి మనిషి ఒంట్లో బలమంతా పెట్టి కిందికి తోస్తుంటాడు. చెయ్యి ఆపుకోలేడు.

డెల్ఫియా తండ్రి పోతూ పోతూ కొడుక్కి తుపాకి ఇచ్చాడు, కూతురికి చీలికత్తి ఇచ్చాడు. తల్లి అంతకుముందే లేదు. తమ్ముడు కోయ్‌ని ఆమే పెంచింది. పెంచడమంటే మొక్కజొన్న రొట్టె పెట్టడం, తప్పు చేస్తే పచ్చి హికరీ బెత్తంతో వాయించడం. కోయ్ మంచివాడేం కాదు. గొప్పలు పోతాడు, కుక్కల్ని తంతాడు. కాని వాగు ఈ చివర నుంచి ఆ చివర దాకా గురి అంటే వాడిదే. ఎద్దు పందెంలో వాడు మాంసం గెలవని ఏడాది లేదు, ఆ మాంసంలో అక్కకి వాటా పెట్టని ఏడాదీ లేదు. వాడిలో మెచ్చుకోదగ్గది అదొక్కటే. డెల్ఫియాకి అది చాలు.

బ్యూఫర్డ్ స్పర్‌లాక్‌ని ఎందుకు చేసుకున్నావని ఆడవాళ్ళు అడిగితే, "నవ్వించేవాడు," అనేది. కాస్త ఆగి, "అందర్నీ నవ్వించేవాడు. అది చూసుకోలేదు," అనేది.

ఆమె కర్రలు చేసేది, అతను అమ్మేవాడు. బ్యూఫర్డ్ తన జన్మలో ఒక్క కర్ర గీసి ఎరగడు. బొగ్గు గని క్యాంపు దుకాణం ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళ మీద జోకులేస్తూ, సాయంత్రానికి కట్టంతా అమ్ముకొచ్చేవాడు. ఇంటి దగ్గర కొనడానికి ఎవరైనా వస్తే డెల్ఫియా కర్రని మోకాలికి ఆనించి, కొసలు రెండూ దగ్గరికొచ్చేదాకా వంచి చూపించేది. విరిగిందా, పొయ్యిలో పెట్టేది. క్యాంపులో వంచి చూపించేవాళ్ళెవరూ లేరు. వంచి చూపించమని అడిగేవాళ్ళూ లేరు, అవి డెల్ఫియా చేతి కర్రలు కనక.

ఒక శరదృతువులో ఆమెకి భుజం పట్టేసింది. చీలికత్తి ఎత్తలేకపోయింది. క్యాంపులో పందేల రోజులొచ్చాయి, గిరాకీ ఉంది, కర్రల్లేవు. బ్యూఫర్డ్ రంపపు మిల్లుకి పోయి గుండ్రటి హికరీ కర్రలు మోపెడు పట్టుకొచ్చాడు. వాల్‌నట్ తొక్కల రసంలో ముంచి, కిరసనాయిల్లో నానబెట్టి, మిగిలిన మంచి కర్రల్లో కలిపి కట్టేశాడు. వాసన ఒకటే, రంగు ఒకటే.

డెల్ఫియా చూసింది.

"అవేంటి?"

"కర్రలు."

"టమాటా మొక్కలకి పాతుకో. తుపాకిలో పెట్టకు."

"ఎవరి తుపాకిలో పెడతారే? క్యాంపోళ్ళు. ఏ జిల్లా నుంచి ఎగిరొచ్చారో వాళ్ళకే తెలీదు. ఏడాదికోసారి ఉడతని కొడతారు, అదీ తగలదు. వాళ్ళ చేతుల్తో నీకేం పని?"

డెల్ఫియా ఇంకేమీ అనలేదు. సంఘంలో నిలబెట్టినప్పుడు ఈ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమెని నోరులేని బాధితురాలిగా చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళు ఇక్కడ ఆగి ఊపిరి పీల్చుకోవడం మంచిది. క్యాంపోళ్ళ చేతులు ఆమెకి చుట్టాలు కావు. ఆ నెలలోనే ఒక గని కూలీకి బొటనవేలి పక్క కండ చీలిపోయిందని కబురొచ్చింది. వాడి పేరు మా వాగులో ఎవరికీ తెలీదు, ఎవరూ కనుక్కోలేదు. పాస్టర్ హైరమ్ కూడా కనుక్కోలేదు.

కోయ్ ఆ క్యాంపులోనే బొగ్గెత్తేవాడు. ఒకరోజు షిఫ్టు దిగి వస్తూ దుకాణం ముందు బావని చూశాడు. చుట్టూ కొనేవాళ్ళు ముసిరి ఉన్నారు.

"ఏం బావా, మా అక్క ఒళ్ళు హూనం చేసుకుంటుంటే నువ్వు ఎండ కాగుతున్నావా?"

"ఎండ కాగడానికీ తెలివుండాలి బావమరిదీ. నీకు లేదు కాబట్టే గనిలో ఉన్నావు."

అందరూ నవ్వారు. కోయ్ కట్టలోంచి ఒక్కో కర్రా లాగి, కంటికి ఆనించి, గొట్టాన్ని చూసినట్టు చివరికంటా చూడ్డం మొదలెట్టాడు. మావాళ్ళు చేసే తప్పు ఇదే. గురిగాళ్ళు మరీ చేస్తారు. గొట్టం తిన్నగా ఉండాలి కాబట్టి కర్ర కూడా తిన్నగా ఉండాలనుకుంటారు. చీల్చిన కర్ర ఎక్కడో ఒకచోట చిన్న వంపు తీసుకుంటుంది, దాని బలమే అది. కోయ్ అక్క గీసిన కర్రల్ని ఒకటొకటిగా పక్కన పడేసి, అన్నిటికన్నా తిన్నగా ఉన్నదాన్ని ఏరుకున్నాడు.

"అక్క చేతిదానికి నేను డబ్బులివ్వను," అన్నాడు.

అది వద్దురా అని బ్యూఫర్డ్ ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే పక్కన నిలబడ్డవాళ్ళు ఎందుకని అడుగుతారు. "పట్టుకుపో, కట్నం అనుకుంటా," అన్నాడు.

ఆ ఆదివారం గురి సరిచూసుకుందామని తుపాకి దట్టిస్తుండగా కర్ర విరిగి కోయ్ కుడి అరచేతిలో దిగింది. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. పార పట్టుకోలేడు, తుపాకి మీట నొక్కలేడు. క్యాంపు డాక్టరు లాగి తీసిన ముక్కని గుడ్డలో చుట్టుకుని అక్క దగ్గరికొచ్చాడు. డెల్ఫియా ఆ ముక్కని వేళ్ళ మధ్య దొర్లించింది. కత్తితో గీసిన కర్రని ఎంత నున్నచేసినా సన్నటి పలకలు వేళ్ళకి తెలుస్తాయి. ఇందులో పలకల్లేవు.

"నీదేనా అక్కా?"

"రొట్టె తిను," అంది.

బ్యూఫర్డ్‌తో ఆ సంగతే ఎత్తలేదు. అతను తనని క్షమించేసిందనుకున్నాడు.

మా వాగులో ఒక పద్ధతుంది. కర్ర విరిగి ఎవరికైనా గాయమైతే, అమ్మినవాడు తర్వాతి ఎద్దు పందెంలో గాయపడ్డవాడి తుపాకిని ఐదుసార్లు దట్టించాలి. తను అమ్ముకునే కట్టలోని కర్రలతోనే, ఒక్కో గుండుకీ కొత్త కర్ర. వంచి చూడకూడదు. కర్ర కొస మీద ఉత్త అరచెయ్యి పెట్టి ఒక్క తోపులో దింపాలి. గుండుకీ గుండుకీ మధ్య గొట్టం తుడవకూడదు, అంటే మసి పేరుకుని ప్రతి గుండూ ముందుదానికన్నా బిగుస్తుంది. కర్రల్ని గాయపడ్డవాడి రక్తసంబంధి అందించాలి. చెయ్యి మిగిలితే మనిషి నిర్దోషి. గెలిచిన మాంసం గాయపడ్డవాడిది. దీన్ని న్యాయం అంటారు. జనం మాత్రం న్యాయం చూడ్డానికి రారు, చెయ్యి చూడ్డానికొస్తారు. ఆ గని కూలీ కోసం ఎవరూ ఈ పద్ధతి పెట్టలేదన్నది మర్చిపోకూడదు.

పందెం నడిపేది గ్రీన్‌బెరీ స్లోన్, ఎద్దు అతనిదే. బ్యూఫర్డ్ కొట్టంలో మిగిలిన కట్టని తనే వెళ్ళి తెచ్చి, డెల్ఫియా కాళ్ళ దగ్గర పడేశాడు.

జనం గొణిగారు. "పెళ్ళాం చేతికిస్తావేంటి గ్రీన్‌బెరీ? మొగుడికి ఏరి ఏరి ఇస్తుంది."

"కోయ్‌కి రక్తసంబంధి ఇంకెవరున్నారు? నీ అమ్మమ్మా?" అన్నాడు గ్రీన్‌బెరీ. "పద్ధతి పద్ధతే. ఒరే బ్యూఫర్డ్, కోటు విప్పు."

బ్యూఫర్డ్ కోటు విప్పాడు. మొహం పాలిపోయింది. గొట్టంలో మందు పోసి, పేలికా గుండూ మూతిలో నొక్కి, చెయ్యి చాపాడు. డెల్ఫియా కట్టలో చెయ్యి పెట్టి ఒక కర్రని వేళ్ళ మధ్య దొర్లించింది, వదిలేసింది, ఇంకోటి దొర్లించి ఇచ్చింది. అతను కళ్ళు మూసుకుని తోశాడు. గుండు అడుక్కి దిగింది. గ్రీన్‌బెరీ కోయ్ పేరు మీద కాల్చాడు.

రెండోదీ దిగింది. మూడోదానికి బ్యూఫర్డ్ కళ్ళు తెరుచుకునే తోశాడు. ఆమె వేళ్ళు ఏం చేస్తున్నాయో అతనికి అర్థమైంది. జనానికీ అర్థమైంది.

"అక్కా, ఏం చేస్తున్నావు?" అన్నాడు కోయ్. కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడుతోంది.

"అందిస్తున్నాను."

నాలుగో గుండు బిగువుగా వెళ్ళింది, బ్యూఫర్డ్ మునివేళ్ళ మీద లేచి బలం మోపాల్సొచ్చింది. కర్ర విల్లులా వంగి, నిలబడింది. అదీ దిగాక అతను కర్రని పక్కకి విసిరి, అరచెయ్యి పైకెత్తి, చుట్టూ తిప్పి చూపించాడు. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. ఎదురుగా అంతమంది జనం, అందరూ తననే చూస్తున్నారు. బ్యూఫర్డ్ వల్ల అవుతుందా?

"చూడండి బాబూ, పసిపిల్ల చెయ్యిలా ఉంది. కర్రల్లో లోటుంటే ఈపాటికి తెలిసేది. లోటు మా బావమరిది చేతిలో ఉంది. పాపం, అక్క రొట్టె విరిచి నోట్లో పెడితే పెరిగిన చెయ్యి. గట్టి వస్తువు తగిలితే తట్టుకోలేదు."

నెత్తురు చూడ్డానికొచ్చిన జనం నవ్వారు. వాళ్ళకి ఏదో ఒకటి కావాలి, నవ్వైనా సరే.

"బొగ్గెత్తడం ఇష్టం లేక తనే పొడుచుకున్నాడని నా అనుమానం," అన్నాడు బ్యూఫర్డ్. నవ్వు పెరిగింది. కోయ్ మొహం కందగడ్డలా అయింది. "సరే, నా మాటొద్దు. ఏమే డెల్ఫియా, నువ్వు చెప్పు. నీ చేతి కర్ర ఎప్పుడైనా విరిగిందా?"

డెల్ఫియా అతన్ని చూసింది. విరిగిందంటే ఆమె పని పోయినట్టే. విరగలేదంటే తమ్ముడు అబద్ధాలకోరు. ఎటు చూసినా బ్యూఫర్డ్‌కి నష్టం లేకుండా అడిగాడు. అతని తెలివంతా ఇలాంటి చోటే పనిచేసేది.

"నా చేతిది విరగలేదు," అంది.

"విన్నారుగా," అన్నాడు బ్యూఫర్డ్, చెయ్యి చాపి.

ఆమె వంగి ఒక కర్ర తీసింది. వేళ్ళ మధ్య దొర్లించి, పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. దొర్లించింది. ఇచ్చింది. అది చాలా తిన్నగా ఉంది.

బ్యూఫర్డ్ దాన్ని చూడను కూడా చూడలేదు, జనం వైపు నవ్వుతున్నాడు. గొట్టం మసితో బిగుసుకుపోయి ఉంది. కొస మీద అరచెయ్యి పెట్టి, ఒళ్ళంతా మోపి తోశాడు. చప్పుడు పెద్దదేం కాదు. మేకులాంటి ముక్క అరచేతిలో దిగి మణికట్టు పక్క నుంచి బయటికొచ్చింది. చేతిలోంచి పొడుచుకొచ్చిన చెక్క కొసని దగ్గరగా చూసుకున్నాడు.

"ఇది మిల్లుది కదే," అన్నాడు.

"తెలుసన్నమాట," అంది డెల్ఫియా.

అతను నేల మీద కూలబడ్డాక అరుపు మొదలైంది. ఇద్దరు మనుషులు బండి తేవడానికి పోయారు. గ్రీన్‌బెరీ పద్ధతి తెలిసినవాడు. "ఐదో గుండు మధ్యలో ఉండిపోయిందమ్మా," అన్నాడు.

డెల్ఫియా గొట్టంలోంచి విరిగిన ముక్క లాగేసింది. కట్టలోంచి తను గీసిన కర్ర తీసుకుని, దాన్ని మూతి దగ్గర పొట్టిగా పట్టుకుని, చిన్నచిన్న తోపులతో గుండుని అడుక్కి దింపింది. దట్టించడం అలాగే. పద్ధతి కోసం తప్ప తెలిసినవాడెవడూ ఇంకోలా దట్టించడు. గ్రీన్‌బెరీ కాల్చాడు. ఆ ఏడాది కోయ్‌కి మాంసం కాదు, ఎద్దు తోలూ కొవ్వూ దక్కాయి. వాటిలో అక్కకి వాటా పెట్టాడు. ఆమె తీసుకుంది.

ఆ తర్వాతే సంఘం కూటం, పాస్టర్ ప్రశ్న, పాట.

విడిపోయారనుకుంటారేమో, లేదు. బ్యూఫర్డ్ చెయ్యి గద్ద కాలులా ముడుచుకుపోయింది, కోయ్ చేతికి జోడు. ఇల్లు దాటి ఎక్కడికి పోతాడు? డెల్ఫియాకి భుజం నయమైంది, మళ్ళీ కర్రలు చీల్చింది. అతను కట్టని ఎడమ చంకలో పెట్టుకుని ఆమె వెనకే నడిచేవాడు. క్యాంపు దుకాణం ముందు ఇప్పుడు ఆమే అమ్మేది, ఒక్కో కర్రా మోకాలికి వంచి చూపించి మరీ. కొన్ని విరిగేవి. అప్పుడు బ్యూఫర్డ్ కాస్త పక్కకి జరిగేవాడు. అతనెప్పుడూ ఆమెని ఏమీ అడగలేదు. జోకులు మానేశాడు. పొద్దున్నే ఆమె అతని కోటు బొత్తాలు పెట్టేది, పైనుంచి కిందికి, మాట్లాడకుండా. బొత్తాలు పెట్టడం చూసి ఎంత అన్యోన్యంగా ఉన్నారో అని పత్రికాయన ఫోటో తీసుకున్నాడు.

ఏడాది తిరిగాక ఒకసారి కోయ్ అడిగాడు. "నాలుగు మంచివి ఎందుకిచ్చావక్కా?"

"నాలుగూ దాటితే ఐదోదీ మంచిదే ఇద్దామనుకున్నా," అంది, చీలికత్తికి నూనె రాస్తూ. "వాడు నోరు తెరిచాడు."

చేతికి ఏడు డాలర్లు లెక్కన క్యాంపు డాక్టరు రెండు చేతులకీ విడివిడిగా బిల్లు రాశాడు. కోయ్ చేతి ఏడు డాలర్లూ డెల్ఫియా ఆ చలికాలమే కట్టేసింది. బ్యూఫర్డ్ చేతివి ఇవాళ్టికీ బాకీనే.